కొవ్వొత్తిలో ప్రియుడు: స్టార్ ట్రెక్ ప్రేమ ఎపిసోడ్లకు మార్కులు

బెంగళూరు మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో ఒక ఫ్లాట్‌లో శనివారం రాత్రి నలుగురు తెలుగువాళ్లు చేరి పాత స్టార్ ట్రెక్ (అమెరికా అంతరిక్ష సీరియల్) పెట్టుకుంటే, ఫోన్లు ఏ ఎపిసోడ్‌లో బయటికొస్తాయో ముందే చెప్పొచ్చు. యుద్ధం ఎపిసోడ్‌లో రావు. వార్ప్ ఇంజన్ గురించి పది నిమిషాలు ఏకధాటిగా మాట్లాడుకున్నా రావు. ఓడలో డాక్టరుకో ఇంజనీరుకో ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చిందంటే మాత్రం, అప్పటిదాకా కళ్లార్పకుండా చూసినవాడు కూడా "ఒరేయ్, ఇది స్కిప్ కొట్టరా" అంటాడు.

ఏవి స్కిప్ కొట్టాలి, ఏవి కొట్టకూడదు అన్నది తేల్చడానికే ఈ సమీక్ష. సరుకు ఇదీ: 1966-69 నాటి ఒరిజినల్ సిరీస్, 1987-94 నాటి నెక్స్ట్ జనరేషన్, 1993-99 నాటి డీప్ స్పేస్ నైన్, 1995-2001 నాటి వాయేజర్. వీటిలో ప్రేమే ముందుండి నడిపించే ఎపిసోడ్లు కొన్నిటిని తీసుకుని పదికి ఇన్ని అని మార్కులు వేశాను. కథలు చివరిదాకా చెప్పేస్తున్నాను. పాతికేళ్లు దాటిన సరుకుకు స్పాయిలర్ హెచ్చరిక దేనికి?

ముందు తయారీలో ఉన్న లోపం చూడాలి. నెక్స్ట్ జనరేషన్‌కు సీజన్‌కు 26 ఎపిసోడ్లు తీసేవారు (రెండో సీజన్ ఒక్కటే, 1988 రచయితల సమ్మె పుణ్యమా అని, 22తో ముగిసింది). దాన్ని ఒక నెట్‌వర్క్‌కు కాకుండా అమెరికాలో ఊరూరి స్టేషన్లకు విడివిడిగా అమ్మేవారు. సిండికేషన్ అంటే అదే. తిరిగి వేసేటప్పుడు ఏ ఎపిసోడ్ ముందొచ్చినా, ఏది వెనకొచ్చినా చూసేవాళ్లు తికమకపడకూడదు. అందుకని ఎపిసోడ్ మొదట్లో ఎవరు ఎక్కడున్నారో చివరికి మళ్లీ అక్కడికే చేరాలి. అంటురోగం కథకు, వింత గ్రహం కథకు ఈ కట్టుబాటు పెద్ద ఇబ్బంది కాదు. రోగం తగ్గుతుంది, ఓడ కదిలిపోతుంది. ప్రేమకథ మాత్రం దీని కింద నలిగిపోతుంది. కొత్త మనిషి టీజర్‌లో (టైటిల్స్‌కు ముందొచ్చే ముక్కలో) దిగాలి, ఐదు అంకాల్లో మనసు గెలుచుకోవాలి, 45వ నిమిషం వచ్చేసరికి చచ్చిపోవాలి, లేదంటే బదిలీ కావాలి, అదీ కాకపోతే దుర్మార్గుడని తేలాలి.

ఆ 45 నిమిషాలైనా మొత్తం ప్రేమకే దక్కుతాయా అంటే అదీ లేదు. పక్కన ఒక సాంకేతిక ప్రమాదం ఉండాలి, ప్రతి అంకం చివరా ఒక కుదుపు ఉండాలి. ఆ ఇద్దరూ కలిసి కనిపించేది మహా అయితే సగం సేపు. అంత కొద్ది వ్యవధిలో ప్రేమను నమ్మించలేక రచయితలు అడ్డదారులు తొక్కారు. ఒకటి, ఏదో శక్తి మనసును లోబరుచుకుంది అనడం. రెండు, జరిగినదంతా మరిచిపోయారు అనడం. మూడు, కంప్యూటర్ చేత కావలసినట్టు ప్రియుణ్నో ప్రియురాలినో తయారు చేయించడం. ఏ దారిన పోయినా ప్రేమించే మనిషి చేతిలోంచి నిర్ణయం జారిపోతుంది. నిర్ణయం లేనిచోట ప్రేమ ఉన్నా లేకపోయినా ఒకటే.

కాబట్టి ఇక్కడ మార్కులు ముద్దు సీన్లకు వేసినవి కావు. ఆఖరి అంకంలో "సరే" అనో "వద్దు" అనో చెప్పింది ఎవరు? సైన్స్ ఫిక్షన్ ఊహను పీకేస్తే ఆ జంటకున్న అడ్డం కూడా పోతుందా, లేక అదే కథ మామూలు ఆసుపత్రి సీరియల్లోనూ నడుస్తుందా? ఈ రెండు ప్రశ్నలే కొలబద్ద.

సబ్ రోజా (నెక్స్ట్ జనరేషన్, ఏడో సీజన్, 1994): 1.5/10

అడ్డదారులన్నిటికీ రాజధాని. డాక్టర్ బెవర్లీ క్రషర్ అమ్మమ్మ ఫెలీసా హోవర్డ్ చనిపోతుంది. అంత్యక్రియలకు కాల్డోస్ అనే కాలనీకి వెళ్తారు. స్కాట్లండ్ మీద మమకారంతో అచ్చం ఆ దేశంలాగే కట్టుకున్న గ్రహం అది. రాతి ఇళ్లు, పొగమంచు, శ్మశానం అన్నీ ఉంటాయి. ఇంట్లో తరతరాలుగా వెలిగిస్తూ వస్తున్న ఒక కొవ్వొత్తి. "దాన్ని వెలిగించకు తల్లీ, శాపం ఉంది" అని తోటపనివాడు నెడ్ క్వింట్ మొత్తుకుంటాడు. ఆవిడ వింటే కథే లేదు.

కొవ్వొత్తితోపాటు రోనిన్ అనే అదృశ్య పురుషుడు వస్తాడు. వందల ఏళ్లుగా హోవర్డ్ ఇంటి ఆడవాళ్లందరికీ, అమ్మ పోతే కూతురికి, కూతురు పోతే మనవరాలికి, ప్రియుడు వీడే. అమ్మమ్మ డైరీలో ఘాటైన అధ్యాయం చదువుతూ నిద్రపోయానని డాక్టరమ్మ కౌన్సెలర్ ట్రాయ్‌కి చెప్పే సీన్ ఒకటుంది. ఇద్దరు నటీమణులూ నవ్వు ఆపుకుని ఆ సీన్ దాటారు. ఈ ఎపిసోడ్‌లో నటనకు ఏమైనా మార్కులు పడ్డాయంటే అక్కడే.

అసలు లోపం మూడో అంకం నుంచి బయటపడుతుంది. అంతవరకు గంభీరంగా, తన పని తప్ప మరోటి పట్టనట్టు ఉండే డాక్టరు ఉన్నపళంగా స్టార్‌ఫ్లీట్‌కు (ఈ ఓడలన్నీ నడిపే దళానికి) రాజీనామా ఇచ్చి అమ్మమ్మ ఇంట్లో ఉండిపోతానంటుంది. ఎందుకు? రోనిన్ ఏం మాట్లాడాడు, ఏం పంచుకున్నాడు? ఏమీ లేదు. ఆకుపచ్చ పొగ ఆవిడ శరీరంలోకి దూరుతుంది, కళ్లు మూతపడతాయి, అంతే. ఆవిడ ప్రేమించలేదు, ఆవిడకు మత్తెక్కింది. మత్తు దిగినప్పుడు జరిగేది కూడా తెలివి రావడమే, గుండె పగలడం కాదు. అందుకే చివర్లో ఆవిడ ఫేజర్ తుపాకితో కొవ్వొత్తిని పేల్చి, తర్వాత వాణ్ని కూడా కాల్చేసినా మనకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

సైన్స్ వివరణ పేరుకు ఉంది. రోనిన్ దయ్యం కాదట, అనాఫేజిక్ జీవి అట, రూపం నిలుపుకోవడానికి మనిషి శరీరం కావాలట. కొవ్వొత్తి ప్లాస్మాతో వెలిగేదట. ఇదంతా ఆఖరి పది నిమిషాల్లో గబగబా చెప్పేస్తారు. ఈ లోపల ఓడ ఇంజనీర్ జోర్డీ, ఆండ్రాయిడ్ (మనిషి ఆకారపు యంత్రం) డేటా కలిసి అమ్మమ్మ సమాధి తవ్వడం, అమ్మమ్మ లేచి కూర్చోవడం కూడా అయిపోతాయి. అంతా అయ్యాక డాక్టరు అనే ఆఖరి మాట: వాడు ఏం చేసినా అమ్మమ్మను సంతోషంగా ఉంచాడు కదా అని. మనవరాలిని, అంతకుముందు తరాలనూ పరాన్నజీవిలా పీల్చినవాడికి ఈ సర్టిఫికెట్ ఏమిటో అర్థం కాదు.

అయినా 1.5 ఎందుకంటే, నలుగురు కూర్చుని నవ్వుకోవడానికి ఇంతకు మించిన ఎపిసోడ్ ఈ సిరీస్ మొత్తంలో దొరకదు. ఇరవై నిమిషాలు గడిచేసరికి ఎవరో ఒకరు "బాబూ, ఆ కొవ్వొత్తి ఎవరైనా ఉఫ్ అని ఊదండ్రా" అనకపోతే అడగండి. ఒంటరిగా మాత్రం చూడొద్దు.

దీనికి విరుగుడు అదే సీజన్‌లో, ఆరు ఎపిసోడ్ల ముందు ఉంది. పేరు అటాచ్డ్ (1993): 8.5/10. కెప్టెన్ పికార్డ్, క్రషర్ ఇద్దరినీ శత్రువులు పట్టుకుని మెడ దగ్గర పరికరాలు అమరుస్తారు. దాంతో ఒకరి ఆలోచనలు ఒకరికి వినిపించడం మొదలవుతుంది. కాస్త దూరం జరిగితే ఇద్దరికీ కడుపులో తిప్పుతుంది, అంటే పారిపోవాలన్నా పక్కపక్కనే నడవాలి. ఊహ ఎంత చిన్నదో చూడండి. అదే ఇన్నేళ్లుగా దాచుకున్నది బయటికి లాగుతుంది: స్నేహితుడు జాక్ బతికుండగానే, అతని భార్య అయిన క్రషర్ మీద పికార్డ్‌కు మనసు పడిందని. చివర్లో పరికరాలు తీసేశాక ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఇక భయపడక్కర్లేదేమో అని అతనంటాడు. భయపడాలేమో అని ఆవిడంటుంది, లేచి వెళ్లిపోతుంది. సిండికేషన్ కట్టుబాటు ఇక్కడా ఉంది, ఎవరి గది వాళ్లదే, ఎవరి పని వాళ్లదే. కానీ ఆ తలుపు మూసింది రచయిత కాదు, ఆవిడే. రెండు ఎపిసోడ్లూ ఒకే డాక్టరువి, ఒకే సీజన్‌వి. వెంటవెంటనే వేసి చూస్తే తేడా ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

బూబీ ట్రాప్ (1989): 7/10, గెలాక్సీస్ చైల్డ్ (1991): 4/10

ఇంజనీర్ జోర్డీ లాఫోర్జ్‌కు ఈ సిరీస్ ఏడేళ్లూ ప్రేమ విషయంలో అన్యాయమే చేసింది. బూబీ ట్రాప్ తెరుచుకునేదే హోలోడెక్ (కంప్యూటర్ ఏ చోటునైనా, ఏ మనిషినైనా నిజంలా సృష్టించే గది) సముద్రతీరంలో, వయొలిన్ వాయించేవాణ్ని కూడా పెట్టి అతను ఏర్పాటు చేసిన డేట్ బెడిసికొట్టడంతో. ఆ తర్వాత ఓడ ఒక పాత ఉచ్చులో చిక్కుకుంటుంది. ఇంజన్ నుంచి ఎంత శక్తి తీస్తే దాన్నంతా పీల్చుకుని తిరిగి రేడియేషన్‌గా ఓడ మీదికే వదిలే ఉచ్చు. ఇంజన్ డిజైన్ చేసినవాళ్లలో ఒకరైన లియా బ్రామ్స్ నోట్సు తిరగేస్తూ జోర్డీ హోలోడెక్‌లో ఆవిడ రూపాన్నే నిలబెట్టి పనిచేస్తాడు. మొదట గొంతు, తర్వాత బొమ్మ, ఆ తర్వాత ఆవిడ ప్రసంగాల రికార్డుల నుంచి వ్యక్తిత్వం. ఒక్కో మెట్టూ పని అవసరం కోసమే ఎక్కినట్టుంటుంది. ప్రేమ ఎక్కడ దూరిందో అతనికీ తెలియదు, మనకూ తెలియదు. ఇద్దరు మనుషులు కలిసి కష్టమైన పని చేస్తే పుట్టే చనువు ఇది. ఈ జాబితాలో అది నిజంగా కనబడేది చాలా కొద్ది చోట్ల.

ఉచ్చులోంచి బయటపడే ఉపాయం కూడా కథకు అతికింది. కంప్యూటర్ చేతికి ఓడను అప్పగించాలా, మనిషి నడపాలా? జోర్డీ అన్నీ ఆపేయమంటాడు. రెండు చిన్న థ్రస్టర్లతో, మిగిలిన శకలాల ఆకర్షణను వాడుకుంటూ, పికార్డ్ తన చేతులతో ఓడను బయటికి తీస్తాడు. కంప్యూటర్ అమ్మాయితో ప్రేమలో పడిన ఇంజనీరే కంప్యూటర్‌ను నమ్మొద్దనడం. ఏడు మార్కులు దీనికే.

తర్వాతి సీజన్‌లో అసలు లియా బ్రామ్స్ ఓడ ఎక్కుతుంది. ఇక్కడి ఊహ మొదటిదానికంటే గొప్పది. బొమ్మను ప్రేమించినవాడి ముందుకు మనిషి వచ్చి నిలబడితే ఏమవుతుంది? ఆవిడ ముక్కుసూటి మనిషి, తన ఇంజన్‌లో అతను చేసిన మార్పులు చూసి మండిపడుతుంది. పైగా పెళ్లయింది. జోర్డీ మాత్రం ఆవిడకు ఏది ఇష్టమో ముందే తెలిసినట్టు లైటు తగ్గించి, సంగీతం పెట్టి భోజనానికి పిలుస్తాడు. చివరికి ఆవిడ హోలోడెక్‌లో తన బొమ్మనే చూస్తుంది. "ఈ ఇంజన్‌ను ముట్టుకున్నప్పుడల్లా నన్ను ముట్టుకున్నట్టే" అని తన గొంతుతో, తన ముఖంతో ఆ బొమ్మ అంటుంటే తలుపు దగ్గర నిలబడి వింటుంది. మొత్తం ఎపిసోడ్‌లో ఒళ్లు జలదరించే క్షణం అదే.

అక్కణ్నుంచి కథ జారిపోతుంది. ఆవిడ కోపం న్యాయమైనది. జోర్డీ మెల్లగా క్షమాపణ చెప్పి ఊరుకుంటే సరిపోయేది. కానీ రచయితలు అతని చేత ఎదురు దెబ్బలాడిస్తారు: నేను స్నేహం చేయబోయాను, నువ్వే ముళ్లకంపలా ఉన్నావు అన్న ధోరణిలో. కథ కూడా అతని వైపే నిలబడుతుంది. ఆఖరి సీన్లో ఇద్దరూ నవ్వుకుంటారు, ఆవిడే కాస్త తగ్గుతుంది. ఇప్పటి బెంగళూరు ఆఫీసుల్లో ఇలాంటిది జరిగితే నవ్వుకోవడం తర్వాత, ముందు హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వస్తుంది. ఇంకో రెండు సీన్లు ఆవిడ వైపు నుంచి రాసి ఉంటే ఇది సిరీస్‌లోనే గొప్ప ఎపిసోడ్ అయ్యేది.

పక్క కథ మాత్రం ముచ్చటైనది. అంతరిక్షంలో పుట్టిన ఒక పసికూన ఓడనే తల్లి అనుకుని అతుక్కుని శక్తి తాగుతుంటుంది. దాన్ని మాన్పించడానికి జోర్డీ, లియా కలిసి ఆ "పాల"ను పులిసేలా చేస్తారు. విశ్వంలో హైడ్రోజన్ సహజంగా వెదజల్లే 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆ జీవి రుచి మరిగిందని కనిపెట్టి, ఓడలోని శక్తి కంపనాన్ని అక్కణ్నుంచి పక్కకు జరుపుతారు. పల్లెల్లో పాలు మాన్పించడానికి తల్లి వేపాకు ముద్ద రాసుకునేది కదా, ఇదీ అదే కిటుకు. 21 సెంటీమీటర్లన్నది కల్పన కాదు, రేడియో టెలిస్కోపులు రోజూ వాడే గీతే. ఆ పది నిమిషాల్లో ఇద్దరి మధ్య ఉన్న చనువులో, మిగతా ఎపిసోడ్ అంతా వెతికినా దొరకనిది ఉంది.

ఫైనల్ ఎపిసోడ్‌లో పికార్డ్ చూసే భవిష్యత్తులో జోర్డీ భార్య పేరు లియా అని ఒక మాట వదిలారు. ఏ లియా అన్నది చెప్పకుండా. అదొక సన్నని ఓదార్పు.

జోర్డీ గురించే ఇంకొకటి, అకీల్ (1993): 2.5/10. రిలే స్టేషన్‌లో చనిపోయిందనుకున్న అమ్మాయి వీడియో లాగ్‌లు చూస్తూ ప్రేమలో పడతాడు. అమ్మాయి బతికే ఉందని తేలుతుంది, హంతకురాలేమో అని అనుమానం, చివరికి హంతకి ఆవిడ కుక్క. నిజమే, కుక్క. ఆకారాలు మార్చే జీవి కుక్క రూపంలో ఉందన్నమాట. పక్కనున్న మనిషి గురించి ఏదీ తెలుసుకోకుండా రికార్డింగ్‌ను ప్రేమించడమే జోర్డీ జబ్బు అని ఎవరైనా ఒక్క సీన్ రాసుంటే బాగుండేది. రాయలేదు.

ద ప్రైస్ (1989): 5/10. ఒక వార్మ్‌హోల్‌ను (అంతరిక్షంలో రెండు దూరపు చోట్లను కలిపే సొరంగాన్ని) అమ్మకానికి పెట్టిన గ్రహం, దాన్ని కొనడానికి వచ్చిన బేరగాడు డెవినోని రాల్. ట్రాయ్ లాగే అతనికీ ఎదుటివాళ్ల భావాలు తెలుస్తాయి, కాకపోతే ఆ సంగతి దాచి బేరాల్లో వాడుకుంటాడు. ఇది మంచి ప్రశ్న. ట్రాయ్ కూడా శత్రువుల మనసు చదివి కెప్టెన్‌కు చెబుతుంది కదా, తేడా ఏమిటి అని రాల్ అడుగుతాడు కూడా. ఆఖర్లో అందరి ముందూ అతని గుట్టు విప్పే నిర్ణయం ట్రాయ్‌దే. కొలబద్ద ప్రకారం పాసైనట్టే. పోయిన ఐదు మార్కులూ మొదటి ఇరవై నిమిషాలవి. చూపులు కలవగానే ఆవిడ కాళ్ల కింద నేల కదిలిపోవడం, నూనె రాసి మర్దన చేసే సీను, పక్క గది వాళ్లకు కూడా వినిపించేంత నిట్టూర్పులు. ఎదుటివాళ్ల మనసు తెలిసిన మనిషికి వీడి మోసం తెలియలేదంటే నమ్మడం కష్టం. అన్నట్టు ఆ గ్రహం ప్రధాని పేరు భవాని. తెలుగువాళ్ల గుంపులో ఆ పేరు వినబడగానే ఒక కేక ఖాయం.

డీప్ స్పేస్ నైన్‌లో కథలు కొనసాగుతాయి కాబట్టి ప్రేమలు బాగుంటాయనుకుంటాం. చాలావరకు నిజమే, అందుకే అక్కడ చెడినవి మరీ చెడ్డాయి. మెరిడియన్ (1994): 2/10. అరవై ఏళ్లకోసారి మాత్రమే మన లోకంలోకి వచ్చి కొద్దిరోజులకే మాయమయ్యే గ్రహం. సైన్స్ ఆఫీసర్ డాక్స్ అక్కడి డెరల్‌ను చూస్తుంది, నడుస్తుంది, నవ్వుతుంది, చెట్టెక్కుతుంది, అరవై ఏళ్లు స్నేహితులందరినీ వదిలి అతనితో వెళ్లిపోతానంటుంది. ఏడు జన్మల అనుభవం (అదెలాగో చివర్లో చెబుతాను) ఉన్న పాత్ర అంత తేలిగ్గా ఎలా తీసుకుందో ఆ నిర్ణయం! పైగా అదీ నిలవనివ్వరు. ఆవిడ ఉనికి వల్ల గ్రహం ఊగిసలాడటంతో ఓడలోకి లాగేసుకుంటారు. నిర్ణయం ఆవిడది, రద్దు చేసింది యంత్రం. కమాండర్ సిస్కో దగ్గర వీడ్కోలు తీసుకునే సీన్ ఒక్కటి చూసి మిగతాది వదిలేయొచ్చు. లెట్ హీ హూ ఈజ్ వితౌట్ సిన్ (1996): 1/10. డాక్స్ ప్రియుడు వార్ఫ్ అలిగి విహార గ్రహం మీద వాన కురిపించడానికి తోడ్పడే ఎపిసోడ్. ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

వాయేజర్‌లో ఫెయిర్ హేవెన్ (2000): 3.5/10 గురించి మాత్రం కాస్త ఆగాలి. హోలోడెక్‌లో ఐరిష్ పల్లె, అక్కడి బార్ నడిపే మైకేల్ సల్లివన్. కెప్టెన్ జేన్‌వేకు నచ్చుతాడు, కానీ కొద్దిగానే. కంప్యూటర్‌ను పిలిచి సవరణలు చెబుతుంది: బాగా చదువుకున్నవాడు కావాలి, మరీ తలూపేవాడు కాకూడదు, కాస్త పొడుగుండాలి. ఆఖరి ఆజ్ఞ, భార్యను డిలీట్ చెయ్యి. ఆ మాట అని సన్నగా నవ్వుకునే జేన్‌వేను చూస్తే ఇది భయంకరమైన కథ కాబోతోందనిపిస్తుంది. కాదు. రచయితలకు అది ముద్దుగా అనిపించింది. అయితే తర్వాత ఆవిడకే ఒకటి తడుతుంది. అతని నోట వచ్చే ప్రతి మాటా తను ఇచ్చిన కొలతల నుంచి వచ్చిందే అని. మళ్లీ అతన్ని సవరించే అవకాశం తనకు లేకుండా చెయ్యమని కంప్యూటర్‌కు తనే చెబుతుంది. ఆ ఒక్క తాళం వేసుకోవడానికి మూడున్నర మార్కులు. కథ అక్కడ మొదలై ఉండాల్సింది, అక్కడ ఆగిపోయింది.

అన్‌ఫర్గెటబుల్ (1998): 4.5/10. ఊహకు ఎనిమిది, నడకకు ఒకటి. రాముర జాతివాళ్లు ఎదుట లేకపోతే కొద్ది గంటల్లోనే ఎవరికీ గుర్తుండరు. కంప్యూటర్ రికార్డుల్లోంచి కూడా చెరిపేసుకుని పోతారు. ఆ జాతికి చెందిన కెలిన్ వచ్చి, నువ్వూ నేనూ ప్రేమించుకున్నాం, నీకు గుర్తులేదు అంటుంది. ఓడలో కెప్టెన్ తర్వాతి అధికారి చకోటే నమ్మాలా వద్దా? మరిచిపోవడాన్ని తప్పించుకునే దారిగా కాకుండా అడ్డంకిగానే పెట్టిన అరుదైన కథ. చివర్లో ఆవిడకు అతను గుర్తులేకుండా పోతాడు, అతను జరిగినదంతా కాగితం మీద కలంతో రాసుకుంటాడు. ఆ సీన్ బాగుంది. కానీ దానికి ముందు ముప్పై నిమిషాలు ఇద్దరూ నీరసంగా కూర్చుని మాట్లాడుకోవడమే. కలిసి ఏ పనీ చేయరు. బూబీ ట్రాప్‌లో ఉన్నదేదో ఇక్కడ లేదు.

మరిచిపోవడాన్ని చీపురులా వాడిన ఘనత పాత సిరీస్‌ది. రెక్వియమ్ ఫర్ మెథూసెలా: 2/10. 1969 ఫిబ్రవరి 14న, సరిగ్గా వాలెంటైన్స్ డే నాడు ప్రసారమైంది. ఓడలో సిబ్బంది జ్వరంతో చస్తున్నారు, మందుకు కావలసిన ఖనిజం గంటల్లో తేవాలి. కెప్టెన్ కిర్క్ ఆ గంటల్లోనే రేనా అనే అమ్మాయితో డాన్స్ చేసి, జీవితాంతం మరవలేనంత ప్రేమలో పడతాడు. ఆవిడ ఆండ్రాయిడ్ అని తేలుతుంది, భావాల బరువు తట్టుకోలేక కూలిపోతుంది. చివర్లో అతని స్నేహితుడు, ఓడలో అధికారి అయిన స్పాక్ అతని నుదుటి మీద చెయ్యి పెట్టి మరిచిపొమ్మంటాడు. స్పాక్ వైపు నుంచి చూస్తే అది గొప్ప స్నేహం. ప్రేమకథ వైపు నుంచి చూస్తే తుడిచిపెట్టుకుపోవడం. అదే కిర్క్, ద సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్ (1967): 9.5/10లో, కాలంలో వెనక్కి వెళ్లి తను ప్రేమించిన ఎడిత్ కీలర్‌ను కాపాడబోతున్న డాక్టర్ మెక్‌కాయ్‌ని తన చేతులతో ఆపి పట్టుకుంటాడు. ఆవిడ బతికితే ఆవిడ శాంతి ఉద్యమం వల్ల అమెరికా యుద్ధంలోకి ఆలస్యంగా దిగుతుంది, హిట్లర్ గెలుస్తాడు. ఎవరూ ఎవరినీ మరిపించరు. ఆ కాలప్రయాణం లేకపోతే వాళ్లిద్దరికీ ఏ అడ్డమూ లేదు.

నెమ్మదిగా ఉన్నా వదలకూడనివి ఇంకో రెండు. లెసన్స్ (1993): 8/10లో పికార్డ్, శాస్త్రవేత్త నెల్లా డారెన్ దగ్గరయ్యేది సంగీతం వల్ల. ఆవిడది చుట్టచుట్టి పట్టుకెళ్లగల పియానో, అతనిది చిన్న వేణువు. ఓడ సొరంగాల్లో ధ్వని బాగా మోగే చోటు వెతుక్కుని అక్కడ వాయించుకుంటారు. తర్వాత ఆవిడను నిప్పుల తుఫాను ముందుకు పంపాల్సింది కెప్టెన్‌గా అతనే. బతికి వస్తుంది. అయినా విడిపోతారు, ఇకముందు పంపలేనని అతనికి తెలిసిపోయింది కాబట్టి. ఏ జీవీ, ఏ పొగా లేదు. ఇన్ థియరీ (1991): 7/10, పికార్డ్ పాత్రధారి పాట్రిక్ స్టీవర్ట్ మొదటిసారి దర్శకత్వం వహించిన ఎపిసోడ్. ఆండ్రాయిడ్ డేటా ప్రేమకు ప్రోగ్రాం రాసుకుంటాడు. ముద్దు పెట్టుకున్నాక ఏం ఆలోచిస్తున్నావని జెన్నా అడిగితే జాబితా చదువుతాడు, అందులో పిల్లికి పెట్టాల్సిన మేత కూడా ఉంటుంది. తెంచుకునేది ఆవిడే. సరేనని అతను ప్రోగ్రాం తీసేస్తాడు.

ఇక చూసే పద్ధతి. ఇవన్నీ 4:3 చట్రంలో తీసినవి. అద్దె ఫ్లాట్లలో టీవీలు సాధారణంగా "ఫుల్" లేదా "వైడ్" మోడ్‌లో ఉండిపోతాయి, దాంతో మొహాలు అడ్డంగా సాగి అందరూ బొద్దుగా కనిపిస్తారు. పిక్చర్ సెట్టింగుల్లో యాస్పెక్ట్ రేషియోను "4:3" లేదా "ఒరిజినల్" అని మార్చండి, రెండు పక్కలా నల్లపట్టీలు రావాలి. మోషన్ స్మూతింగ్ ఆపేయండి, లేకపోతే క్యాండిల్ వెలుగు సీన్లు సీరియల్ షూటింగులా ఉంటాయి. నెక్స్ట్ జనరేషన్‌ను 35 ఎంఎం ఫిల్మ్ నెగటివ్‌ల నుంచి మళ్లీ ఎడిట్ చేసి 2012-14 మధ్య బ్లూరేలో తెచ్చారు, ప్రొజెక్టర్ మీద వంద అంగుళాలకు పెట్టినా నిలుస్తుంది. డీప్ స్పేస్ నైన్, వాయేజర్‌లకు ఆ భాగ్యం దక్కలేదు. వాటి ఎడిటింగ్, గ్రాఫిక్స్ వీడియోటేపు మీదే పూర్తయ్యాయి, కాబట్టి ప్రొజెక్టర్ మీద అలుక్కుపోయినట్టుంటాయి. వాటిని మామూలు టీవీలో, కాస్త దూరంగా కూర్చుని చూడటం మేలు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, సాంకేతిక పదాల వేగం అందదు.

రాత్రి పది దాటితే అపార్ట్‌మెంట్ గ్రూపులో సౌండ్ గురించి మెసేజీలు మొదలవుతాయి కాబట్టి ఏడున్నరకే మొదలుపెట్టాలి. ముందు బూబీ ట్రాప్, వెంటనే గెలాక్సీస్ చైల్డ్. బిర్యానీ ఆర్డర్ మొదటిది నడుస్తుండగానే పెట్టేయండి, శనివారం అవుటర్ రింగ్ రోడ్డు మీద డెలివరీ బాయ్ ఎప్పుడొస్తాడో ఎవరికీ తెలియదు. తిన్నాక అటాచ్డ్. సబ్ రోజా వేయాలని అంత ఉబలాటంగా ఉంటే అటాచ్డ్ తర్వాతే వేయండి, ముందు వేస్తే డాక్టరు పాత్ర మీద గౌరవం పోయి అటాచ్డ్ ఎక్కదు.

రీజాయిన్డ్ (డీప్ స్పేస్ నైన్, 1995): 9/10ను మాత్రం వేరే రోజుకు ఉంచుకోండి. ట్రిల్ జాతిలో లోపల ఉండే జీవి శరీరాలు మారుతూ బతుకుతుంది, పాత జన్మ జ్ఞాపకాలన్నీ మోస్తుంది. అందుకే ఒక కట్టుబాటు: గత జన్మ భార్యాభర్తలు కొత్త శరీరాల్లో మళ్లీ కలవకూడదు, కలిస్తే వెలి. వెలి అంటే ఆ జీవికి తర్వాతి శరీరం దొరకదు, ఈ జన్మతోనే సరి. డాక్స్ ముందుకు పాత జన్మలో తన భార్య లెనారా వచ్చి నిలబడుతుంది, ఇద్దరూ ఇప్పుడు ఆడవాళ్లు. ఆ సంగతిని ఎపిసోడ్‌లో ఎవరూ పట్టించుకోరు, అందరి భయం వెలి గురించే. డాక్స్ సరేనంటుంది. లెనారా అనలేకపోతుంది. మెరిడియన్‌లో అరవై ఏళ్లు అందరినీ వదిలేస్తానన్న డాక్సే ఈమె కూడా. ఇక్కడ అదే తెగింపుకు ధర ఎంతో మనకు ముందే తెలుసు కాబట్టి నమ్ముతాం.

దీనికి ముందు నెక్స్ట్ జనరేషన్‌లోని ద హోస్ట్ (1991): 6/10 చూసినవాళ్లకు ఒక హెచ్చరిక. ట్రిల్ జాతి తొలిసారి వచ్చింది అందులోనే, ప్రేమించింది మళ్లీ మన డాక్టర్ క్రషరే. అక్కడ వాళ్లకు నుదుటి మీద గట్లుంటాయి, మనుషుల్ని క్షణంలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి పంపే ట్రాన్స్‌పోర్టర్‌లో వెళ్తే లోపలి జీవికి ప్రమాదం. డీప్ స్పేస్ నైన్‌కు వచ్చేసరికి గట్లు పోయి మెడ పక్కన మచ్చలు వచ్చాయి, ట్రాన్స్‌పోర్టర్‌లో నిక్షేపంగా తిరుగుతారు. రెండూ ఒకే జాతి ఎలా అయ్యాయని పక్కవాళ్లు అడిగితే, నిర్మాతలు మేకప్ మార్చారు అని చెప్పి ప్లే నొక్కండి.